పడుచువారికి ఆటలమ్మ సోకినపుడు



ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురువుల యొద్ద కావ్యములును, కొంత వ్యాకరణమును చదివితిని. వైద్యశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అట్టివాడు ఆటలమ్మను గూర్చి మాటలాడుట యేమని మీరనుకొనవచ్చును. మా యింట జరిగినదానిని జరిగినట్లు చెప్పుటకు వైద్యుడు గానక్కఱలేదు. అందులో తప్పెవరిదో యెఱిగియుండిన జాలును. అది నాది.

మాది శిరివెళ్ల, నంద్యాల నుండి ఆళ్లగడ్డకు బోవు మార్గములోనున్న యూరు. 2023వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేది మహాశివరాత్రి. పండుగకు రెండు దినములు ముందుగా మా తమ్ముని కుమారుడు హైదరాబాదు నుండి వచ్చెను. వయస్సు 23. దృఢమైన శరీరము, చిన్ననాట ఈ జబ్బు సోకనివాడు. శివరాత్రినాడు మేమందఱము మహానందికి బోయి, కోనేట మునిగి, ఉపవాసముండి, రాత్రి జాగరణము చేసితిమి. మఱునాడు వానికి ఒళ్లు వెచ్చబడెను. తలనొప్పి, నడుమునొప్పి, అన్నము సహింపమి. ఉపవాసమును జాగరణమును గలిసి తెచ్చిన బడలిక యని నేనే తేల్చి చెప్పితిని. 20వ తేది సోమవారమునాటి యుదయమున చొక్కా విప్పగా ఱొమ్ముమీద నాలుగైదు ఎఱ్ఱని దద్దురులు కనబడెను. దోమకాట్లనుకొంటిమి. సాయంకాలమునకు వానిలో నీరు నిండి మంచుబొట్లవలె మెఱయసాగెను. వీపునను, ముఖమునను, తలవెండ్రుకల నడుమను క్రొత్తవి పుట్టుచుండెను.

మా మేనత్త యున్నది. 85 ఏండ్లు దాటినది. ఆమె టార్చి వేసి చూచి, "ఇది పెద్దమ్మవారు గాదు నాయనా, చిన్నమ్మవారు. ఆటలమ్మ. ఆడుకొని తనంతట పోవును" అనెను. జబ్బును గుర్తించుటలో ఆమె పొరబడలేదు. "తనంతట పోవును" అన్న మాటను నేను పట్టుకొంటిని. మా కష్టమంతయు అక్కడ మొదలైనది.

గుర్తించుటను గూర్చి ముందు కొంత చెప్పెదను. మన పూర్వులు పొక్కుల జబ్బులను మసూరిక యనిరి. మసూరపప్పు గింజను బోలిన పొక్కు గనుక ఆ పేరు వచ్చినది. మాధవనిదానమున మసూరికకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. నేటి ఆయుర్వేదవైద్యులు ఆటలమ్మను లఘుమసూరిక యందురు. పాశ్చాత్యులును చాలకాలము ఈ రెంటిని కలగలిపి చూచినవారే. 1767లో లండను నగరమున విలియం హెబర్డెన్ అను వైద్యుడు, మశూచి వేఱు, ఇది వేఱు అని విడదీసి వివరించెను. మశూచి పొక్కులు ముఖమునను, కాలుసేతులయందును దట్టముగా లేచి, అన్నియు ఒక్క యీడువై, లోతుగా గట్టిగా నుండును. ఆటలమ్మ మొదట ఱొమ్మును వీపును ముఖమును పట్టి, పిదప కాలుసేతులకు పలుచగా ప్రాకును. పొక్కు పైపైన నుండును, తాకిన చితుకును. ముఖ్యమైన గుర్తు మఱియొకటి. ఇది దండుదండుగా వచ్చును. ఒక్కచోటనే ఎఱ్ఱని దద్దురు, నీటిపొక్కు, ఎండిన పక్కు, మూడును ఒక్కసారి కనబడును. ఒకే పొలమున మొలకయు వెన్నును పంటయు కలిసియున్నట్లన్నమాట. తట్టులో నీటిపొక్కులు రావు. దగ్గును కన్నుల యెఱ్ఱదనమును ముందు వచ్చును. అరచేతులయందును అరికాళ్లయందును గట్టి పొక్కులు లేచి, మెడక్రింద బిళ్లలు కట్టినచో అది వేఱొక జబ్బు కావచ్చును. ఇంట తర్కింపక వైద్యునికి చూపవలెను.

పెద్దమ్మవారు లోకమున లేకుండపోయినది. మన దేశమున 1975 మే మాసము తరువాత ఆ జబ్బు కనబడలేదు. ప్రకృతిసిద్ధముగా మశూచి సోకిన కడపటి మనుష్యుడు సోమాలియా దేశపు ఆసుపత్రిలో వంట చేయు అలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరులో సోకినది. అతనికిని అప్పుడు 23 ఏండ్లే. విచిత్రమేమన, అతనికి ముందు చలిజ్వరమనియు, పిదప ఆటలమ్మయనియు చెప్పి ఇంటికి పంపిరట! దైవికముగా అతడు బ్రదికెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ మహమ్మారి అంతరించినదని ప్రకటించెను. నా బాల్యమున ముఖమునిండ గుంటలు బడినవారు ఊరికి కొందఱుండిరి. వారిని జూచిన కన్నులకు ఆటలమ్మ పిల్లలయాటగా దోచుట సహజము. పేరును అట్లే యున్నది గదా. ఒక్కమాట: మనబోటి ముసలివారి దండచేతిమీద నున్న టీకామచ్చ మశూచికే గాని ఆటలమ్మకు అడ్డు గాదు.

పదేండ్లలోపు పిల్లలలో ఇది చాలవఱకు ఆటయే. పడుచువారిలో గాదు. జ్వరము హెచ్చు, పొక్కులు హెచ్చు, అన్నిటికంటె ముఖ్యముగా జబ్బు ఊపిరితిత్తులకు దిగు భయము హెచ్చు. ఈ సంగతి మాకు తెలియదు.

ఆ నాలుగు దినములు మేము చేసినది వినుడు. వానిని వెనుకటి గదిలో పరుండబెట్టి, కిటికీలు మూసి, తలుపునకు వేపమండలు కట్టితిమి. స్నానము లేదు. బట్టలు మార్చుట లేదు. ఉప్పు లేదు, తాలింపు లేదు. పూటకొక గిన్నెడు పెరుగన్నము. నోటిలోను పొక్కులు లేచుటచే అదియు తినలేకపోయెను. వేపాకును పసుపును నూఱి చితికిన పొక్కులమీద పట్టించితిమి. మందు మాట యెత్తిన మరదలిని నేను వారించితిని. "అమ్మవారు ఇంటనుండగా మందు పెట్టరాదమ్మా" అంటిని. ఆమె "మీరు పెద్దలు బావగారూ, మీకు తెలియనిదా" అని ఊరకుండెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఊరిలో సూదులు వేయువాడొకడు వచ్చి, ఒక్క సూదితో దురదయు జ్వరమును దింపెదననెను. వానిని గూడ నేనే పంపివేసితిని. అటువంటి సూదులలో తఱచుగా స్టెరాయిడు ఉండుననియు, ఈ జబ్బులో అది ప్రాణము మీదికి తేగలదనియు తరువాత తెలిసినది. నా మౌఢ్యము ఆ ఒక్కచోట మేలు చేసినది.

24వ తేది రాత్రి రెండుగంటలకు మరదలు లేపెను. పిల్లవాడు పరుండలేక కూర్చుండియుండెను. పొడిదగ్గు, ప్రక్కలో పోటు, రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసికొనుచుండెను. కరోనా కాలమున కొన్న వేలికి తగిలించు చిన్న యంత్రము ఇంట నుండెను. తగిలించి చూడగా 87 చూపెను. 108కి ఫోను చేసి తెల్లవాఱకముందే నంద్యాల చేర్చితిమి. బండిలో వాడు నా చేయి పట్టుకొని "పెద్దనాయనా, నాకేమగుచున్నది" అని అడిగెను. ముప్పదియేండ్లు పిల్లల ప్రశ్నలకు బదులు చెప్పినవాడను. ఆ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిని.

ఊపిరితిత్తులు రెంటను జబ్బు దిగినదని ఎక్స్‌రేలో తేలెను. ప్రాణవాయువు పెట్టి, నరము ద్వారా ఎసైక్లోవిర్ అను మందెక్కించిరి. అచ్చటి వైద్యుడు చిన్నవాడు. నా శిష్యులలో కొందఱికంటె చిన్నవాడు. నన్ను ప్రక్కకు బిలిచి కోపింపక అడిగిన మొదటి ప్రశ్న, "పొక్కులెన్నడు కనబడినవి?" అని. చెప్పితిని. "మొదటి పొక్కు కనబడిన ఇరువదినాలుగు గంటలలోపల ఈ మందే మాత్రలుగా మొదలుపెట్టియుండిన జబ్బింత ముదురకుండ నుండుటకు అవకాశముండెను. పిల్లలకు ఊరకున్నను జరుగును. పెద్దవారిలో మొదటి దినమే ముఖ్యము" అనెను. పిదప పిల్లవానిని, సిగరెట్టు త్రాగుదువా యని అడిగెను. వాడు నా యెదుట తల వంచుకొనెను. పొగ త్రాగువారికి ఈ ఊపిరితిత్తుల గండము మఱింత యెక్కువట. ఆ సంగతి నాకు అక్కడనే తెలిసినది. ఆ సమయమున కోపము రాలేదు. ఆరవనాడు ప్రాణవాయువు తీసివేసిరి. తొమ్మిదవనాడు ఇంటికి పంపిరి.

ఆ వైద్యుడే మఱియొక ప్రశ్న వేసెను: "ఇంట ఇంకెవరికి ఈ జబ్బు రాలేదు?" నా చిన్నకుమారునికి రాలేదు, వానికి 26 ఏండ్లు. కోడలు అయిదవ నెల గర్భవతి. ఈ జబ్బు పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందుగానే అంటసాగును. గాలిచేతను, పొక్కులలోని నీరు తగులుటచేతను అంటును. అనగా శివరాత్రినాడు ఒక్క పంక్తిని కూర్చుండి మాటలాడుకొన్నప్పుడే అది ఇల్లు ప్రాకినది. మేము తలుపునకు వేపమండ కట్టునప్పటికి ఆలస్యమైనది. కోనేటి యొద్ద ఎందఱికి పంచితిమో ఆ నందీశ్వరునికే తెలియవలెను. అంటిన పిమ్మట మూడు నుండి అయిదు దినములలోపల టీకా వేసికొనినచో జబ్బు రాకుండ బోవుటయో, తేలికపడుటయో జరుగునట. ఆ గడువును మేము పెరుగన్నము పెట్టుచు గడిపివేసితిమి.

కోడలి సంగతి వేఱు. గర్భవతికి ఇది సోకిన తల్లికిని ఊపిరితిత్తుల భయమున్నది, కడుపులోని శిశువునకును కీడు గలుగవచ్చును. కాన్పు సమీపించిన దినములలో తల్లికి వచ్చినచో పుట్టిన బిడ్డకు మిక్కిలి ప్రమాదము. చిన్ననాట వచ్చినదేమో యని పుట్టింటికి ఫోను చేయగా, రెండవ తరగతిలో వచ్చినదని ఆమె తల్లి చెప్పెను. వైద్యుడు అంతటితో తృప్తిపడక రక్తపరీక్ష చేయించి, రక్షణశక్తి యున్నదని తేల్చెను. లేనిచో పదిదినములలోపల వేఱొక రక్షకమైన సూది వేయవలసియుండెను. గర్భవతికి ఆటలమ్మ టీకా వేయరాదు.

అంటిన నాటినుండి జబ్బు బయటపడుటకు పది నుండి ఇరువదియొక్క దినములు పట్టును. తఱచు పదునాలుగు, పదునాఱు. మేము కాచుకొని కూర్చుంటిమి. మార్చి 6వ తేది ఉదయము నా కుమారుడు ముఖము కడుగుకొనుచు, చెవి వెనుక నొక పొక్కు తగిలినదని చెప్పెను. మధ్యాహ్నమునకు వైద్యుని యెదుట నుంటిమి. మాత్రలు ఏడుదినములకు వ్రాసి యిచ్చెను. అంతట ఇంటిలో చేసిన ఉపచారము మొదటిదానికి పూర్తిగా వేఱు.

గది అదే, కిటికీలు తెఱచితిమి. ప్రతిదినము గోరువెచ్చని నీటితో స్నానము. రుద్దక, మెత్తని బట్టతో అద్ది తుడుచుట. ఉతికి యెండలో నాఱవేసిన పాత నూలుపంచెలు పఱచి, దినదినము మార్చితిమి. గోళ్లు పొట్టిగా కత్తిరించితిమి, ఏలయన గోటితో గీరినచోటనే చీము పట్టును, మచ్చయు నిలుచును. పెండ్లి కావలసిన పిల్లలకు ఈ మాట చెప్పిన చేయి తమంతట తామే ముడుచుకొందురు! దురదకు కాలమైన్ లోషను పూసితిమి. రాత్రి నిద్రకై వైద్యుడొక మాత్ర యిచ్చెను. పగిలిన పొక్కులమీద ఏ నూఱుడును పూయలేదు. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే, చెప్పిన మోతాదున, ఆఱుగంటల యెడముతో. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మొదలగు నొప్పిమాత్రలు ఈ జబ్బులో కూడవని వైద్యుడు ఖండితముగా చెప్పెను; దుకాణమున అడిగి తెచ్చుకొనువారు ఇది గుర్తుంచుకొనవలెను. మజ్జిగ, రాగిజావ, కొబ్బరినీరు, మెత్తని అన్నము, పప్పు, ఉప్పు మామూలే. నోటిలో పొక్కులున్నందున కారము మాత్రము తగ్గించితిమి.

పాత ఆచారములన్నియు చెడ్డవని నేననను. రోగిని వేఱుగ నుంచుట, పైవారిని రానీయకుండుట, క్షౌరము మానుట, ఇవి మన పెద్దలు అనుభవముచే కనుగొన్న మంచి కట్టుబాట్లు. తలుపునకు కట్టిన వేపమండ "ఈ యింటికి రావలదు" అని ఊరికంతటికి చెప్పు పలక. దానిని రెండవసారియు కట్టితిమి. మా మేనత్త దురదపెట్టినచోట శుభ్రమైన వేపరెమ్మతో మెల్లగా విసరుచుండెను. గోరుకంటె అది వేయిరెట్లు మేలు. గాలి, నీరు, స్నానము, మందు, ఈ నాలుగింటిని నిషేధించుటయే కీడు. నేనును అమ్మవారికి మ్రొక్కితిని. మందు మ్రింగిన బిడ్డమీద తల్లికి కోపము వచ్చునని నేను చదివిన గ్రంథములలో నెక్కడను లేదు.

ఒక నలువది పుటల పుస్తకము తెచ్చి మంచము ప్రక్కన వ్రేలాడదీసితిమి. పూటకొకసారి, రోగి నెమ్మదిగా పరుండియుండగా, గడియారము చూచి నిమిషమునకు ఎన్నిసార్లు ఱొమ్ము లేచుచున్నదో లెక్కించి అందు వ్రాయుట నా పని. పెద్దవారికి 12 నుండి 20 వఱకు సహజము. 24 దాటినను, వేలి యంత్రము 94కు దిగినను, దగ్గుతో ఆయాసము గాని ప్రక్కపోటు గాని కలిగినను తెల్లవాఱువఱకు ఆగరాదు. తగ్గిన జ్వరము మరల విజృంభించుట, పొక్కు చుట్టు చర్మము ఎఱ్ఱబడి వేడెక్కి వాచుట, ఆగని వాంతులు, మెడ పట్టుట, నడక తూలుట, మాట తడబడుట, వీనికిని అంతే. చక్కెరజబ్బున్నవారు, స్టెరాయిడ్లు వాడువారు, క్యాన్సరు మందులు తీసికొనువారు, గర్భవతులు, వీరు ఏ చెడుగుర్తునకును ఎదురుచూడక పొక్కు కనబడిననాడే పోవలెను.

నా కుమారుని పుస్తకమున అత్యధికముగా నమోదైనది 19. నాలుగవనాటికి క్రొత్త పొక్కులు ఆగెను. ఏడవనాటికి అన్నియు పక్కు కట్టెను. పక్కులు రాలువఱకు అంటునని మా మేనత్త వాదించెను. మశూచి విషయమున ఆమె మాట నిజమే. ఆటలమ్మలో పొక్కులన్నియు ఎండిపోయి క్రొత్తవి పుట్టనిచో అంటు తీఱినట్లే.

ముసలివారమైన మనకును ఇందులో పాలు గలదు. ఒకసారి వచ్చిన ఆటలమ్మ ఒంటిని విడిచిపోదు. నరముల మూలమున దాగి, వయస్సు మీఱినపుడు సర్పియై బయటపడవచ్చును. నడుముచుట్టు ఒక్క ప్రక్కనే మండుచు లేచు ఆ పొక్కులనుండి, ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ అంటును. సర్పి లేచిన తాత మనుమలను ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదు. పొక్కులు ఎండువఱకు బట్ట కప్పియుంచవలెను. దానికిని మొదటి మూడు దినములలోనే మందున్నది.

ఇక టీకా. జపానుదేశపు వైద్యుడు మిచియాకి తకహాషి తన చిన్నకుమారుడు ఆటలమ్మచే మిక్కిలి బాధపడుట చూచి పట్టుదలతో పనిచేసి 1974లో దీనిని లోకమునకు తెలిపెను. మన ప్రభుత్వము ఉచితముగా వేయు టీకాలలో ఇది లేదు, కొనుక్కొనవలెను. జబ్బు రాని పెద్దవారికి నాలుగు వారములకు తక్కువ గాని యెడముతో రెండు మోతాదులు. శీతకాలము చివరనుండి ఎండలు ముదురువఱకు ఈ జబ్బు హెచ్చు; కనుక హాస్టళ్లకు, పట్టణములలో ఉద్యోగములకు పోవు పిల్లలను "చిన్ననాట నీకు అమ్మవారు పోసినదా?" అని ముందే విచారించుట మంచిది. తల్లికి తెలియును, తండ్రికి తెలిసినట్లు నేను చూడలేదు.

మా తమ్ముని కుమారుడు మరల ఉద్యోగమునకు బోయినాడు. మెట్లెక్కునపుడు ఆయాసము రెండుమూడు నెలలుండి పోయినదట. సిగరెట్టు మానితినని చెప్పినాడు, నమ్మితిని. ఊపిరి లెక్కల పుస్తకము ఇప్పటికి మా వీధిలో మూడిండ్లు తిరిగినది. నా కుమారుని పుట తరువాత ఎవరి అంకెలు వారు వ్రాసికొనిరి. గడచిన శివరాత్రి తరువాత పైవీధివారు తీసికొనిపోయిరి, ఇంకను తిరిగి రాలేదు. వేఱొక పుస్తకము తెచ్చి యుంచితిని.